దొంగ చేతిలో యువరాజు ప్రాణం: విశాఖ తీరంలో చీకటి ప్రేమ ఫాంటసీ రాయడం ఎలా

రాజకుటుంబం మనిషికీ దొంగకీ మధ్య ప్రేమకథ రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు కళ్లు వర్ణిస్తారు, తర్వాత కోట వర్ణిస్తారు, నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆ ఇద్దరూ రేపు విడిపోతే ఎవరికీ ఏమీ పోదు, అందుకని. ఈ తరహా కథని లాక్కెళ్లేది అందం కాదు, పోయిన సొమ్ము. అందుకే మొదటి అడుగు అక్కడి నుంచే వేద్దాం.

1. దొంగ ఏం ఎత్తుకెళ్లింది?

కిరీటం, వజ్రాలహారం, నిధి పటం లాంటివి పక్కన పెట్టండి. ఒకటి పోతే ఖజానాలోంచి ఇంకోటి తీస్తారు. పోయినది రాజు ఒంటికి సంబంధించినదై ఉండాలి. మన జానపద కథల్లో ఈ కీలకం ఎప్పటి నుంచో ఉంది: ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం. దాని మెడ విరిస్తే వాడు చస్తాడు. ఆ ఏర్పాటులో రెండే మార్పులు చేయండి. ప్రాణం మాంత్రికుడిది బదులు యువరాజుది. చిలక ఉండేది ఏడు సముద్రాల అవతల బదులు అతని నడుం మీద.

ఈ వ్యాసం పొడుగునా ఒకే ఉదాహరణ వాడదాం. యువరాజు మార్తాండ, 19 ఏళ్లు. పుట్టిన పదకొండో రోజున అతని ప్రాణాన్ని వెండి తాయెత్తులో బిగించి మొలతాడుకి కట్టారు. ఈ సంగతి కోట దాటి బయటికి పోలేదు. రేవులో పెరిగిన దొంగ పైడికి 18 ఏళ్లు. ఆమె కంటికి అది రెండు తులాల వెండి, అంటే 23 గ్రాముల చిల్లర. తీసుకెళ్లి వెండి కొనేవాడి ముందు పెట్టింది. వాడు నాణ్యం చూడ్డానికి గీటురాయి మీద ఒక్క గీత గీశాడు. కోటలో మార్తాండ నడుం మీద చర్మం అంతే పొడవున లేచింది.

ఈ ఒక్క సీనుతో వస్తువు విలువ, మాయ పనిచేసే తీరు, ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో మూడూ తేలిపోతాయి. వెండి 960 డిగ్రీల పైన కరుగుతుంది. మూస పక్కనే ఉంది, కుంపటి రాజుకునే ఉంది, ఊదుగొట్టం వాడి చేతిలో ఉంది. పైడి ఏ కారణం వల్ల బేరం చెడగొట్టుకుని లేచిపోయిందో మీరు తేల్చాలి. జాలి మాత్రం వద్దు, ఇంకా ఆమెకి ఏమీ తెలియదు. తూకంలో మోసం లాంటి మామూలు తగువు చాలు.

ఇక్కడే తెలివైన పాఠకుడు ఒక ప్రశ్న వేస్తాడు: ప్రాణం అందులో ఉంటే మొలతాడు అసలెందుకు విప్పాడు? జవాబు మొదటి అధ్యాయంలోనే ఉండాలి. నల్లతాడు నానుతుంది, చీకుతుంది, మార్చాలి. ఏడాదికి ఒక్క రాత్రి, ఒక్క జాము సేపు తాయెత్తు వెండి పళ్లెంలో ఉంటుంది. అదే సందు.

2. మాయకి షరతులు రాసి గోడకి అంటించండి

మూడు షరతులు చాలు. నాలుగోది పెట్టారంటే ముగింపులో దాంతోనే తప్పించుకుంటారు. మన కథకి ఇవి:

తాయెత్తుని గీస్తే, కాలిస్తే, కరిగిస్తే మార్తాండ ఒంటికి తగులుతుంది. తాయెత్తు ఎవరి నడుమున ఉంటే వాళ్ల బాధ అతనికి చేరుతుంది. అతని బాధ మాత్రం వాళ్లకి చేరదు.

మూడో షరతే ఈ కథకి చీకటి. రెండోది ప్రేమ. తలార్లు ఇంటింటా వెతుకుతుంటే పైడి తాయెత్తుని తన మొలకే కట్టుకుని చీర కుచ్చిళ్ల కింద దాచింది. ఆ రాత్రి నుంచి మార్తాండకి ఆకలి మొదలవుతుంది. మూడు పూటలా తిని లేచినా కడుపు కాలుతుంటుంది. అరికాల్లో ముల్లు దిగిన నొప్పి, వేళ్లకి ఉప్పునీళ్ల మంట. ఎవరో తెలియని మనిషి రోజంతా ఎలా గడుస్తుందో అతను తన ఒంటితో చదువుకుంటాడు. ముఖం చూడకముందే ఆమె బతుకు తెలిసిపోతుంది. తొలిచూపు ప్రేమకంటే ఇది పది రెట్లు నమ్మబుద్ధవుతుంది, రాయడం కూడా సులువు.

మాయకి ఖరీదు ఉండాలని అందరూ చెబుతారు. ఆ ఖరీదు ఎవరు కడుతున్నారన్నది ఎక్కువమంది మరిచిపోతారు. రాజు మాయకి రాజే ఖరీదు కడితే అది వీరగాథ అవుతుంది. పుట్టుకతో తాయెత్తు కట్టించుకున్న కుర్రాడు ఎవరి ఆయుష్షు తీసుకుని బతుకుతున్నాడో ఇరవయ్యో అధ్యాయం దగ్గర బయటపడేలా ఒక జవాబు దాచి ఉంచండి.

3. నేల: విశాఖని వాడండి, పేర్లు మార్చండి

ఉత్తరాంధ్రలో రాజవంశాల జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో, పద్మనాభం యుద్ధం 1794 జూలైలో జరిగాయి. ఆ కుటుంబాల వారసులు ఈనాటికీ ఉన్నారు. కాబట్టి అసలు సంస్థానం పేరు పెట్టి అందులో పాపిష్టి దివానుని కూర్చోబెట్టకండి. ఊహా రాజ్యం పెట్టుకోండి, నేల మాత్రం నిజమైనది తీసుకోండి. మన ఉదాహరణలో రాజ్యం పేరు నల్లరేవు.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఈ తరహా కథకి దొరికిన వరం. వానకీ గాలికీ కోసుకుపోయిన వాగులు, ఒకదాంట్లోంచి ఒకటి, ఎటు వెళ్లినా ఒకేలా ఉంటాయి. దొంగ దాక్కోడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పట్టుబడ్డానికి కూడా అదే చోటు: ఆ ఎరుపు మడమ పగుళ్లలోకి దూరితే ఒక్క కడుగుడుకి పోదు. కోట మెట్ల మీద ఎర్రటి మడమ గుర్తు ఒక్కటి చాలు. తొట్లకొండకి ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే వచ్చింది. అక్కడి బౌద్ధ శిథిలాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్రం దాటొచ్చిన వెండితో తాయెత్తు చేశారని రాస్తే, అది గాల్లోంచి తెచ్చిన కల్పనలా ఉండదు.

సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనంలో ఉండి వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపంలో కనిపిస్తాడు. ఏడాదికి ఒక్కసారి ఒంటిమీది కప్పు తొలగడమనే ఆలోచన తీసుకోవచ్చు. మన మొలతాడు రాత్రికి మూలం అదే. కానీ జనం ఈ రోజుకీ కొలిచే గుడిని, ఆ గుడి నగల్ని దొంగతనం కథలోకి లాగకండి. భక్తుల మనసు సంగతి అటుంచితే, కథకీ నష్టమే. పాఠకుడు మీ యువరాజుని వదిలేసి ఆ గుడి గురించి ఆలోచించడం మొదలుపెడతాడు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు కొన్ని. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. అలల్లో కుంగుతున్న సూర్యుణ్ని చూస్తూ ముద్దు సీను రాశారంటే మొదటి కామెంటు దాని మీదే పడుతుంది. లోపలి ఓడరేవు 1933లో తెరిచారు. అంతకుముందు అక్కడ ఉప్పుటేరు, బురద. పాతకాలపు కథలో ఓడలు దూరంగా లంగరేస్తాయి, కొబ్బరిపీచు తాడుతో కుట్టిన మసూలా పడవలు సరుకు ఒడ్డుకి చేరుస్తాయి. డాల్ఫిన్ నోస్ అన్నది ఇంగ్లీషువాళ్ల పేరు. మీ రాజ్యంలో జాలర్లు పిలుచుకునే పేరొకటి ఆ కొండకి పెట్టండి. విశాఖ నుంచి భీమిలి 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇసుకలో నడిస్తే ఏడెనిమిది గంటలు పడుతుంది. రాత్రికి రాత్రి దొంగని అక్కడికి పంపి వెనక్కి రప్పించకండి.

వంటింట్లో కూడా జాగ్రత్త. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప పోర్చుగీసుల తర్వాత వచ్చినవి. అంతకు ముందు కాలం లాంటి రాజ్యం కడుతుంటే కారానికి మిరియాలే. పైడి తాగేది చోడి (రాగి) అంబలి, దొరికిన రోజు ఎండు మెత్తళ్లు.

4. రాత్రి ఏ రాత్రి?

"చిమ్మచీకటి రాత్రి" అని రాసి ఊరుకుంటే కుదరదు. తిథి ఎంచుకోండి, తర్వాత అధ్యాయాలన్నీ ఆ పంచాంగానికి కట్టుబడాలి. చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. శుద్ధ తదియ అయితే నెలవంక పొద్దుగూకిన రెండు రెండున్నర గంటల్లో దిగిపోతుంది. దొంగకి అనుకూలమే. కానీ వైశాఖం ఎండాకాలం. జనం అరుగుల మీదా డాబాల మీదా పడుకుంటారు, ఉక్కకి సగం రాత్రి మేలుకునే ఉంటారు. ఆషాఢ అమావాస్య పెడితే వాన వల్ల అందరూ లోపల ఉంటారు, చప్పుడు కలిసిపోతుంది. కాకపోతే బురదలో అడుగులు పడతాయి. మేమైతే ఆషాఢాన్నే ఎంచుకుంటాం. దొంగ గెలిచిన చోటే ఆమెని పట్టించే గుర్తు కూడా పుడుతుంది కాబట్టి.

కాలం లెక్క జాముల్లో ఉంచండి. జాము మూడు గంటలు, గడియ 24 నిమిషాలు. పొద్దుగూకిన దగ్గర్నుంచి నాలుగు జాములు, మూడో జామంటే అర్ధరాత్రి నుంచి మూడింటి దాకా. పహరా మారే వేళ జాముతో ముడిపెట్టారంటే సీనుకి గడియారం దొరికినట్టే.

పోటు గురించి ఒక మాట. అమావాస్యకీ పున్నానికీ పెద్ద పోటు వస్తుంది గానీ, విశాఖ దగ్గర ఆటుకీ పోటుకీ తేడా ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూ. సముద్రపు గుహ కప్పుదాకా నిండి ప్రేమికులు చిక్కుకోవాలంటే పోటు సరిపోదు, తుఫాను తేవాలి. తుఫానుల కాలం అక్టోబరు, నవంబరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. ఆషాఢంలో దొంగతనం, ఆశ్వయుజ కార్తీకాల్లో తుఫాను. మీ కథకి నాలుగు నెలల నిడివి తనంతట తనే వచ్చేసింది.

5. కన్నం సీను

దొంగ అని పేరు పెట్టి పుస్తకంలో ఒక్కసారైనా సరిగ్గా దొంగతనం చేయించని రచనలే ఎక్కువ. ఒక్క సీను పూర్తిగా రాయండి, కనీసం 2,500 మాటలు. మిగతావి రెండు పేరాల్లో దాటేయొచ్చు.

పని నేర్చుకోడానికి మన సంస్కృత సాహిత్యమే చాలు. శూద్రకుడి నాటకం మృచ్ఛకటికం మూడో అంకంలో దొంగ శర్విలకుడు కన్నం వేసే చోటు ఎంచుకునే తీరు చూడండి. రోజూ నీళ్లు పడి నానిన గోడ, ఎలకలు తవ్విన మట్టి వెతుకుతాడు. కాల్చిన ఇటుకలైతే లాగాలి, పచ్చి ఇటుకలైతే కోయాలి, మట్టిగోడ అయితే తడపాలి, చెక్క అయితే చీల్చాలి అంటాడు. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. తను దూరేముందు మనిషి బొమ్మని లోపలికి తోసి చూస్తాడు. తలుపు కిర్రుమనకుండా నీళ్లు చల్లుతాడు. దీపం ఆర్పడానికి పురుగుని వదులుతాడు. దండి దశకుమార చరిత్రలో అపహారవర్మ సరంజామాలో కూడా కొలతాడు, పట్టకారు, బొమ్మతల, తాడు, దీపం ఆర్పే తుమ్మెదల పెట్టె ఉన్నాయి. అన్నట్టు ఆ శర్విలకుడు దొంగతనం చేసింది దాసిగా ఉన్న ప్రియురాలిని విడిపించడానికే.

వీటిని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టకండి, మీ దొంగ బతుకులోకి మార్చండి. పైడికి జంధ్యం ఎక్కడిది? ఆమె కొలతాడు వలతాడు ముక్క, జానెడుకొక ముడి. చీకట్లో ముడులు వేళ్లతో లెక్కపెడుతుంది. తలుపు తిరిగే చోట పోసేది చేప నూనె. ఆ వాసనే మర్నాడు మార్తాండకి దొరికే మొదటి ఆచూకీ. ఒక పనిముట్టు, దాని లోపం, ఆ లోపంలోంచి ఆచూకీ: ఈ గొలుసు మూడుసార్లు అల్లితే విచారణ భాగం దానంతట అదే నడుస్తుంది.

సీను చెడేది ఎక్కడంటే, దొంగకి ఏ తప్పూ జరగకపోవడం దగ్గర. ఒక్కటి జరగాలి, అదీ చిన్నదే. గొళ్లెం తీశాక లోపల అడ్డగడియ ఉందని అప్పుడు తెలియడం లాంటిది.

6. పిలుపులే ప్రేమ కొలత

ఇంగ్లీషులో ఈ తరహా పుస్తకాలు చదివి తెలుగులో రాసేవాళ్లు వదిలేసుకునే పెద్ద ఆయుధం ఇదే. తమరు, మీరు, నువ్వు. మన భాషలో ఇద్దరి మధ్య దూరం ఎంతో ఒక్క సర్వనామం చెప్పేస్తుంది. దాన్ని ముప్పై అధ్యాయాల మీద పొదుపుగా ఖర్చు పెట్టండి.

మొదటి మాటలు ఇలా ఉండొచ్చు. చెరసాల గది. పైడి గోడకి ఆనుకుని కూర్చుంది.

"మూడు రోజుల్నించి నువ్వేం తినలేదు."

"తమకెలా తెలుసు బాబూ?"

"నాకు ఆకలేస్తోంది."

అతను నువ్వు అంటున్నది అధికారంతో, ఆమె తమరంటున్నది భయంతో. పదో అధ్యాయం తర్వాత ఆమె మీరు దాకా వస్తుంది. అది చనువు కాదు, తెగింపు. పదిహేడో అధ్యాయంలో కోపంలో నోరు జారుతుంది:

"నీకు నొప్పెడతాదని నాను ముల్లు తొక్కడం కూడా మానేసినాను, తెలుసా నీకు?"

ఆ 'నీకు' విన్నాక ఇద్దరూ ఆగిపోవాలి. ప్రేమిస్తున్నానన్న మాట అవసరం ఉండదు. తర్వాత గొడవపడి ఆమె మళ్లీ "తమరు" అంటే, అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. మార్తాండ వైపు కూడా ఒక మార్పు ఉంచండి. అందరి ముందూ, ఈ కథలో ప్రతినాయకుడైన దివాను వింటుండగా, అతను ఆమెని "మీరు" అనాలి. సభ నివ్వెరపోతుంది.

యాస మోతాదు: నాను, ఏటి, సూడు, సెప్పు, ఎల్లు, బేగి లాంటివి ఐదారు ఎంచుకుని నిలకడగా వాడండి. ప్రతి మాటనీ వంకర తిప్పితే చదవలేరు, పైగా ఉత్తరాంధ్ర పాఠకుడికి అది వెక్కిరింతలా వినబడుతుంది. కథనం మామూలు వ్యావహారికంలో సాగనివ్వండి. కోట మాటల్లో సంస్కృతం దట్టించే అలవాటూ మానాలి. 19 ఏళ్ల కుర్రాడు నొప్పిలో "హా దైవమా" అనడు, "అమ్మా" అంటాడు.

7. చీకటి ఎక్కడ పెట్టాలి

శవాల లెక్క పెంచితే కథ చీకటి అవదు. చీకటి అంటే ఒకరి మీద ఒకరికి ఉన్న బలం. మార్తాండ తలచుకుంటే పైడిని ఉరి తీయించగలడు. పైడి తలచుకుంటే తాయెత్తుని కుంపట్లో పడేయగలదు. ఈ రెండు బెదిరింపులూ సమానంగా ఉన్నంతవరకే అది ప్రేమకథ. అతను క్షమించి, కానుకలిచ్చి, ఆమె కృతజ్ఞతతో కరిగిపోతే అది దయ పొందిన కథ.

మధ్యలో మలుపు ఇలా తేవచ్చు: దివానుకి రెండో షరతు తెలిసిపోతుంది. యువరాజు మీద చెయ్యి వేస్తే రాజద్రోహం. దొంగపిల్లని కొరడాతో కొట్టిస్తే అది శిక్ష, న్యాయం, ఎవరూ అడగరు. పై అంతస్తులో యువరాజు కుప్పకూలుతాడు, ఒంటిమీద ఒక్క గుర్తు ఉండదు. ఇక అతను దివాను చెప్పిన చోటల్లా ముద్ర వేస్తాడు. దెబ్బ వర్ణన రెండు వాక్యాలు దాటనివ్వకండి. ముద్ర వేస్తున్న చెయ్యి వణకడం మీద ఆగండి.

ఇలాంటి కథలు చదివేవాళ్లలో పదహారు, పదిహేడేళ్లవాళ్లూ ఉంటారు. పైడి తనని తాను గాయపరుచుకుని మార్తాండని లొంగదీసే సీను రాయాలనిపిస్తుంది, షరతులు దారి ఇస్తాయి కూడా. అలాంటిది ప్రేమకి రుజువుగా ఎప్పుడూ చూపకండి. వద్దన్నాక వెంటపడటం, చచ్చిపోతానని బెదిరించడం కూడా అంతే. హింస ఉన్న అధ్యాయం మొదట్లో ఒక వాక్యం హెచ్చరిక పెట్టండి. ఇద్దరికీ 18 దాటించి, దగ్గరితనాన్ని చేతులు పట్టుకోవడం దగ్గరే ఆపితే కథకి నష్టమేమీ లేదు. ఆమె ఒళ్లు పడే బాధ అతనికి ముందే తెలుసు.

ఇంకొక్కటి: దొంగకి ఏ నిజమైన కులం పేరూ, తెగ పేరూ తగిలించకండి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులంది. 1952లో ఆ జాబితా రద్దయినా మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. పైడి దొంగ అయింది ఆకలి వల్లో అప్పు వల్లో అయి ఉండాలి.

8. అధ్యాయాల లెక్క

30 అధ్యాయాలు, ఒక్కోటి 1,500 మాటలు, మొత్తం 45,000. ఇంగ్లీషు నవలల్లో చెప్పే 80,000 లెక్క తెలుగుకి పెట్టుకోకండి. మన విభక్తులు, సంధులు మాటలోనే కలిసిపోతాయి. రోజుకి 500 మాటలు రాస్తే మూడు నెలలు.

దొంగతనం ఒకటో అధ్యాయంలో, గీటురాయి రెండులో, ఆకలి మూడులో. ఇద్దరూ ఎదురుపడటం ఆరు దాటకూడదు. తాయెత్తు నిజం పైడికి తెలిసేది పదిలో. దివాను పదిహేనులో. నమ్మకద్రోహం ఇరవై ఒకటికి. దాన్ని అపార్థం మీద కట్టకండి, అటువైపు మాట వినకుండా పరిగెత్తే నాయికని చూసి పాఠకులు విసిగిపోయారు. పైడి తెలిసే చేయాలి, చేసిన పనికి సరైన కారణం ఉండాలి. తుఫాను ఇరవై ఏడులో.

ధారావాహికగా పెడుతుంటే కనీసం పది అధ్యాయాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. లేకపోతే పన్నెండో వారంలో షరతులు మీరే మరిచిపోతారు.

9. ముగింపు

కొత్త శక్తి, మరిచిపోయిన శాపవిమోచనం, పైడి నిజానికి రాచబిడ్డ అని తేలడం, ఈ మూడూ నిషిద్ధం. మూడోది మరీను. దొంగ రాజవంశమే అని తేల్చారంటే ఇంతసేపూ చెప్పిన కథంతా వృథా.

షరతుల్లోంచే ముగింపు రావాలి. తాయెత్తు మళ్లీ మార్తాండ మొలకి చేరితే అతను బతుకుతాడు, రాజవుతాడు. కానీ ఆమె ఆకలి ఇక అతనికి తెలియదు. ఇన్నాళ్లూ ఒంటితో తెలుసుకున్నది ఇప్పుడు నోరు తెరిచి అడగాలి. ఆఖరి సీనులో అతను పైడిని "తిన్నారా?" అని అడగొచ్చు. ఆమె తిన్నానని అబద్ధమాడొచ్చు. అది అబద్ధమో కాదో అతనికి తెలిసే దారి లేదు.

10. దిద్దుబాటు

రాయడం అయ్యాక రెండు వారాలు పక్కన పెట్టి మూడుసార్లు చదవండి. మొదటిసారి షరతుల కాగితం ఎదురుగా పెట్టుకుని, తాయెత్తు ప్రతి అధ్యాయంలో ఎవరి నడుమున ఉందో అంచున రాసుకోండి. ఎక్కువ తప్పులు ఇక్కడే దొరుకుతాయి: పైడి చెయ్యి కాలిన అధ్యాయంలో మార్తాండ హాయిగా పద్యం చదువుకుంటూ ఉంటాడు. రెండోసారి పిలుపులు మాత్రమే చూడండి, తమరు మీరు అయిన చోటు, మీరు నువ్వు అయిన చోటు రంగు పెన్సిలుతో గీయండి. కారణం లేకుండా మారినవి సరిచేయండి. మూడోసారి గొంతెత్తి చదవండి. వీలైతే శ్రీకాకుళం, విజయనగరం వైపు మనిషి ఎవరైనా పైడి మాటలు చదివి వినిపిస్తే మీకు వినబడని తేడాలు వాళ్లకి వినబడతాయి.